రగ్బీ టెస్ట్ మ్యాచ్, జట్టు ఎంపిక: హైదరాబాద్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

క్రికెట్ చూసి పెరిగిన ఊరు మనది. పదకొండు పేర్లు వినగానే జట్టు బలమెంతో చెప్పేస్తాం. రగ్బీలో మాత్రం మ్యాచ్‌కి రెండు రోజుల ముందు 23 పేర్ల జాబితా వస్తుంది. అది వచ్చిన అరగంటలో పాత సందేహాలే మళ్లీ మొదలవుతాయి: ఫలానావాడు ఎందుకు లేడు, బెంచీ నిండా ఫార్వర్డులే (ముందుండి బలంతో తోసేవాళ్లు) ఎందుకు, మ్యాచ్ మనకు ఎన్నింటికి? వాటన్నిటికీ జవాబులు ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు. ఇక్కడ రగ్బీ అంటే 15 మంది ఆడే రగ్బీ యూనియన్.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. జట్టు జాబితాను 1వ నంబర్ నుంచి కాకుండా 16వ నంబర్ నుంచి చదవడం అలవాటు చేసుకోండి. కోచ్ ఏం ఆలోచిస్తున్నాడో బెంచీ మీది ఆ కింది ఎనిమిది పేర్లే ముందుగా చెబుతాయి.

## మొట్టమొదటి సందేహాలు

టెస్ట్ మ్యాచ్ అంటున్నారు, ఐదు రోజులు ఆడతారా?

లేదు. రగ్బీలో టెస్ట్ అంటే రెండు దేశాల ప్రధాన జట్ల మధ్య అధికారిక మ్యాచ్, అంతే. 40 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మొత్తం 80 నిమిషాలు. గాయాలకూ టీవీ రీప్లేలకూ గడియారం ఆపుతారు కాబట్టి విరామంతో కలిపి రెండు గంటలు దగ్గర పెట్టుకోండి. టెస్ట్ ఆడిన ఆటగాడికి ‘క్యాప్’ లెక్కలోకి వస్తుంది. బెంచీ నుంచి ఒక్క నిమిషం కోసం దిగినా క్యాప్ క్యాపే. మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1871 మార్చి 27న ఎడిన్‌బరోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల మధ్య జరిగింది.

పాయింట్లు ఎట్లా వస్తాయి?

ప్రత్యర్థి గోల్ లైన్ దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. ఆ వెంటనే పోస్టుల మధ్య నుంచి తన్నే కన్వర్షన్‌కు 2. పెనాల్టీ కిక్‌కు 3, ఆట నడుస్తుండగా బంతిని నేలకు తగిలించి తన్నే డ్రాప్ గోల్‌కు 3. ట్రై ఎక్కడ పెడితే ఆ గీత మీదనే కన్వర్షన్ తన్నాలి. గోల్ లైన్ దాటాక కూడా ఆటగాడు పోస్టుల వైపు పరుగెత్తేది అందుకే: మూల నుంచి కోణం కష్టం, నడిమి నుంచి తేలిక.

మన దేశానికి ఈ ఆటతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా పాతది. 1870లలో కలకత్తాలోని బ్రిటిష్ వాళ్లు ఒక రగ్బీ క్లబ్బు నడిపారు. ఆ ఎండల్లో ఈ ఆట సాగలేదు, పోలో, టెన్నిస్ వైపు జనం మళ్లారు, క్లబ్బు మూతపడింది. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయల్లో తీసుకుని, 270 రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులుగా మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. అదే కలకత్తా కప్. దాన్ని ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చారు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లు ఆ కప్పు కోసమే తలపడుతున్నాయి. ఏటా సిక్స్ నేషన్స్‌లో (ఆరు ఐరోపా దేశాల టోర్నీ) ఆ మ్యాచ్ చూస్తున్నప్పుడు ఆ ఏనుగు బొమ్మను ఒకసారి దగ్గరగా చూడండి, మన టంకశాల వెండి అది.

హైదరాబాద్ హీరోస్ ఆడింది ఇదే ఆటనా?

కాదు. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది సెవెన్స్, అంటే ఏడుగురి ఆట. మైదానం అదే, మనుషులు సగం. అందుకే అక్కడ వేగం, ఖాళీ జాగా ఎక్కువ. 15 మంది ఆటలో ఖాళీ దొరకదు, దాన్ని బలంతోనో కిక్‌తోనో సంపాదించుకోవాలి. స్క్రమ్ అంటే రెండు జట్ల ఫార్వర్డులు ఒకరినొకరు పట్టుకుని ఎదురెదురుగా నెట్టుకోవడం. సెవెన్స్ స్క్రమ్‌లో వైపుకు ముగ్గురే ఉంటారు. టెస్ట్ స్క్రమ్‌లో ఎనిమిదేసి మంది, ఒక్కో వైపు 900 కిలోలకు పైబడిన బరువు. జట్టు ఎంపిక తలనొప్పంతా ఆ తేడా నుంచే వస్తుంది.

మ్యాచ్ మనకు ఎన్నింటికి పడుతుంది?

ఆతిథ్య దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా మనం ఐదున్నర గంటలు ముందుంటాం, మిగతా కాలంలో నాలుగున్నర. కాబట్టి ఫిబ్రవరిలో లండన్ సాయంత్రం 4:45 అంటే మనకు రాత్రి 10:15. దక్షిణాఫ్రికాలో ఏడాది పొడవునా తేడా మూడున్నర గంటలే. అక్కడ సాయంత్రం 5:10కి మొదలైతే ఇక్కడ రాత్రి 8:40, భోజనం చేసి కూర్చోవచ్చు. న్యూజీలాండ్ మనకన్నా ముందుంటుంది: జులైలో అక్కడ రాత్రి 7:05 అంటే మనకు మధ్యాహ్నం 12:35. సెప్టెంబర్ చివరి ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు అదే మ్యాచ్ మనకు 11:35కే మొదలవుతుంది. సిడ్నీ, బ్రిస్బేన్‌లు జులై, ఆగస్టుల్లో నాలుగున్నర గంటలు ముందు.

ఎక్కువమంది పొరబడేది పారిస్, బ్యూనస్ ఐరిస్ మ్యాచ్‌ల దగ్గర. నవంబర్‌లో పారిస్ శనివారం రాత్రి 9:10 అంటే హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున 1:40. అలారం శనివారానికి పెట్టుకుంటే ఒక రోజు ముందే లేచి కూర్చుంటారు, ఆదివారం రాత్రికి పెట్టుకుంటే మ్యాచ్ అయిపోయి ఉంటుంది.

ప్రసార హక్కులు సీజన్ సీజన్‌కు చేతులు మారతాయి. మొదటి మ్యాచ్‌కు వారం ముందు ఆ టోర్నీ అధికారిక సైట్‌లో భారత్‌కు ఎవరి పేరు ఉందో చూసుకోండి, పోయిన ఏడాది యాప్‌ను నమ్ముకోవద్దు.

## జట్టు ప్రకటనకు ముందు

జట్టును ఎవరు ఎంపిక చేస్తారు? సెలెక్షన్ కమిటీ ఉంటుందా?

మన క్రికెట్ బోర్డులో ఉన్నట్టు కోచ్‌కు వేరుగా కూర్చుని జట్టిచ్చే కమిటీ చాలా దేశాల్లో లేదు. తుది మాట హెడ్ కోచ్‌దే. స్క్రమ్ కోచ్, డిఫెన్స్ కోచ్, ఫిట్‌నెస్ సిబ్బంది చెప్పింది వింటాడు, సంతకం అతనిది. ఓడితే మాట పడేదీ అతనే.

వాడు పుట్టింది ఒక దేశంలో, ఆడేది ఇంకో దేశానికి. ఇది ఎట్లా కుదురుతుంది?

వరల్డ్ రగ్బీ (ఈ ఆట ప్రపంచ సంస్థ) నిబంధన ప్రకారం నాలుగు దారులున్నాయి. ఆ దేశంలో పుట్టి ఉండాలి. లేదా తల్లిదండ్రుల్లో, తాత అమ్మమ్మల్లో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి. లేదా వరుసగా 60 నెలలు ఆ దేశపు యూనియన్ కింద మాత్రమే నమోదై ఆడి ఉండాలి. లేదా మొత్తం మీద పదేళ్లు అక్కడ నివసించి ఉండాలి. పాత మూడేళ్ల గడువు ఇప్పుడు లేదు, ఐదేళ్లయింది. పాత వ్యాసాలు చదివి వాదించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇంకో మార్పు 2022 జనవరి 1న వచ్చింది. ఒక దేశానికి ఆడినవాడు మూడేళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరంగా ఉంటే, తను గానీ తల్లిదండ్రులు గానీ తాత అమ్మమ్మలు గానీ పుట్టిన దేశానికి ఒకే ఒక్కసారి మారవచ్చు. న్యూజీలాండ్‌కు ఆడిన చార్ల్స్ పియుటావు, ఆస్ట్రేలియాకు ఆడిన ఇజ్రాయెల్ ఫొలావు టోంగా జెర్సీ వేసుకున్నది ఈ దారిలోనే. పసిఫిక్ దీవుల జట్లకు ఇది నిజంగా మేలు చేసిన నిబంధన.

విదేశీ క్లబ్బులో దంచి కొడుతున్నాడు. మరి జాతీయ జట్టులో పేరు ఎందుకు లేదు?

ముందు ఆ దేశం విధానం చూడండి. న్యూజీలాండ్ స్వదేశంలో కాంట్రాక్టు ఉన్నవాళ్లనే తీసుకుంటుంది. 2023 ప్రపంచకప్ ఫైనల్ ఆడిన రిచీ మొవుంగా జపాన్ క్లబ్బుకు వెళ్లగానే ఆల్ బ్లాక్స్‌కు, అంటే న్యూజీలాండ్ జట్టుకు, దూరమయ్యాడు. ఇంగ్లండ్ కూడా అసాధారణ పరిస్థితుల్లో తప్ప బయట ఆడేవాళ్లను పిలవదు. దక్షిణాఫ్రికాకు ఆ పట్టింపు లేదు. జపాన్, ఫ్రాన్స్, ఇంగ్లండ్ ఎక్కడున్నా పిలుస్తుంది.

రెండోది క్యాలెండర్. జులై, నవంబర్ వంటి అధికారిక అంతర్జాతీయ విండోల్లో క్లబ్బులు ఆటగాళ్లను తప్పనిసరిగా వదలాలి. విండో బయట ఆ బాధ్యత లేదు. 2025 నవంబర్ 29న కార్డిఫ్‌లో వేల్స్, దక్షిణాఫ్రికా ఆడింది విండో బయట. రెండు జట్లూ ఇంగ్లండ్, ఫ్రాన్స్ క్లబ్బుల్లో ఉన్న ఆటగాళ్లు లేకుండానే దిగాయి. దక్షిణాఫ్రికా 73-0తో గెలిచింది. ప్రత్యామ్నాయాలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఆ రోజు తెలిసింది. కాబట్టి “కోచ్ పక్కన పెట్టాడు” అనే ముందు మ్యాచ్ తేదీ విండోలో ఉందో లేదో చూసుకోవాలి.

## జట్టు ప్రకటించిన రోజు

జాబితా ఎప్పుడు వస్తుంది, ఎట్లా చదవాలి?

శనివారం మ్యాచ్‌కు చాలా జట్లు గురువారం ప్రకటిస్తాయి. దక్షిణాఫ్రికా తరచుగా మంగళవారమే చెప్పేస్తుంది.

రగ్బీలో నంబర్ ఆటగాడి సొంతం కాదు, స్థానానిది. 1 లూజ్‌హెడ్ ప్రాప్, 2 హుకర్, 3 టైట్‌హెడ్ ప్రాప్: ఈ ముగ్గురూ ఫ్రంట్ రో. 4, 5 లాకులు, పొడవాటివాళ్లు, లైనౌట్‌లో, అంటే పక్క గీత నుంచి బంతి లోపలికి విసిరినప్పుడు, గాల్లోకి లేచేవాళ్లు. 6, 7 ఫ్లాంకర్లు, 8 నంబర్ ఎయిట్. ఇక్కడికి ఫార్వర్డులు అయిపోయారు, మిగతావాళ్లు బ్యాక్స్. 9 స్క్రమ్ హాఫ్, బంతిని గుంపు నుంచి తీసి పంచేవాడు. 10 ఫ్లై హాఫ్, ఆట నడిపేవాడు. 12, 13 సెంటర్లు, 11, 14 వింగర్లు, 15 ఫుల్‌బ్యాక్.

16 నుంచి 23 వరకు బెంచీ. 16, 17, 18 ఎప్పుడూ హుకర్, ఇద్దరు ప్రాపులు. అసలు కథ 19 నుంచి 23 వరకు ఉంటుంది. అందులో ఫార్వర్డులు ఎంతమంది, బ్యాక్స్ ఎంతమంది అన్నది ముందు లెక్కపెట్టండి. తర్వాత గోల్ కిక్కర్ ఎవరు, అతను గాయపడితే రెండోవాడెవరు అన్నది చూడండి. మూడోది లైనౌట్: గాల్లోకి లేపదగ్గవాళ్లు కనీసం ముగ్గురున్నారా? ఇద్దరే ఉంటే ప్రత్యర్థికి బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలిసిపోతుంది.

దక్షిణాఫ్రికా కెప్టెన్ 6 వేసుకుంటాడు, మిగతా జట్లలో అతని స్థానంలో ఆడేవాడు 7 వేసుకుంటాడంటారు. ఎవరిది రైటు?

రెండూ రైటే. చాలా దేశాల్లో ఓపెన్‌సైడ్ (జాగా ఎక్కువున్న వైపు) ఫ్లాంకర్ 7, బ్లైండ్‌సైడ్ (ఇరుకు వైపు) 6. దక్షిణాఫ్రికా సంప్రదాయం తిరగేసి ఉంటుంది. అందుకే సియా కొలిసి 6లో, పీటర్-స్టెఫ్ డు టోయిట్ 7లో కనిపిస్తారు. ఇద్దరు ఫ్లాంకర్లను దేశాల మధ్య పోల్చేటప్పుడు నంబర్ కాకుండా పాత్ర చూడాలి.

5-3, 6-2, 7-1 అంటుంటారు. ఏంది ఈ లెక్క?

బెంచీలో ఎనిమిది మందిలో ఫార్వర్డులు ఎందరు, బ్యాక్స్ ఎందరు అన్న లెక్క. మామూలుగా ఐదుగురు ఫార్వర్డులు, ముగ్గురు బ్యాక్స్. ఫార్వర్డులు ప్రతి స్క్రమ్‌లో, రక్‌లో (నేల మీది బంతి కోసం తోపులాట), మాల్‌లో (బంతి పట్టుకున్నవాడి చుట్టూ గుంపుగా నిలబడి నెట్టడం) ఒళ్లు అరగదీసుకుంటారు. 50వ నిమిషానికి కాళ్లు బరువెక్కుతాయి. అప్పుడు ఆరుగురు తాజా ఫార్వర్డులను దింపితే ఎదుటివాళ్ల అలసట మీద నేరుగా దెబ్బ కొట్టినట్టే. దక్షిణాఫ్రికా 2019 ప్రపంచకప్‌ను 6-2 బెంచీతో గెలిచింది. ఆ బెంచీకే ‘బాంబ్ స్క్వాడ్’ అని పేరొచ్చింది.

7-1 ఇంకా తెగింపు. ఒకే ఒక్క బ్యాక్ బెంచీ మీద ఉంటాడు. 2023 అక్టోబర్ 28న పారిస్ ప్రపంచకప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా అలాగే దిగింది. బెంచీలో ఉన్న ఏకైక బ్యాక్ విల్లీ లె రూ, రెండో స్క్రమ్ హాఫ్ అసలు లేడు. అయితే ముప్పు వచ్చింది బ్యాక్స్‌లో కాదు. మొదటి నిమిషాల్లోనే హుకర్ బొంగి ఎంబొనాంబి గాయపడ్డాడు. ఫ్లాంకర్‌గానూ హుకర్‌గానూ ఆడే డియాన్ ఫూరీ మిగిలిన ఆటంతా హుకర్‌గా నిలబడాల్సి వచ్చింది. హాండ్రే పొలార్డ్ నాలుగు పెనాల్టీలతో 12-11గా గట్టెక్కారు.

ఈ పద్ధతి ఎక్కడ బెడిసికొట్టవచ్చో చూడాలంటే 2025 మార్చి 8 డబ్లిన్ మ్యాచ్. ఐర్లాండ్ మీద ఫ్రాన్స్ 7-1 పెట్టింది. మొదటి అర్ధభాగంలోనే స్క్రమ్ హాఫ్ ఆంటోయిన్ డుపాంట్ మోకాలు దెబ్బతింది, బెంచీ మీది ఒకే బ్యాక్ మాక్సిమ్ లుకు దిగాడు. తర్వాత సెంటర్ బరాసీ కూడా బయటికెళ్లాడు. బ్యాక్స్ అయిపోయారు కాబట్టి ఫ్లాంకర్ ఆస్కార్ జెగూను సెంటర్‌లో ఆడించారు. అయినా ఫ్రాన్స్ 42-27తో గెలిచింది. ఇది అదృష్టం కాదు. సెంటర్‌లో నిలబడగల ఫ్లాంకర్ చేతిలో ఉన్నాడు కాబట్టే కోచ్ 7-1కు ఒప్పుకున్నాడని మా అభిప్రాయం. 7-1 కనిపించగానే అడగాల్సిన ప్రశ్న అదే: బ్యాక్స్‌లోకి జరగగల ఫార్వర్డు ఎవరు? అలాంటివాడు కనబడకపోతే ఆ బెంచీని మేం సమర్థించం.

బెంచీలో ఫ్రంట్ రో వాళ్లకు మూడు చోట్లు ఎందుకు వృథా చేస్తారు?

వృథా కాదు, తప్పనిసరి. 23 మంది జట్టులో ఫ్రంట్ రో ఆడగలిగినవాళ్లు కనీసం ఆరుగురు ఉండాలి, మూడు స్థానాలకూ ఒక్కో మార్పు సరిపోయేలా. స్క్రమ్‌లో ముందు వరుసవాడి మెడ మీద, వెన్ను మీద వెనకవాళ్ల బరువంతా పడుతుంది. శిక్షణ లేనివాడిని అక్కడ నిలబెడితే మెడ విరుగుతుంది. అందుకే శిక్షణ ఉన్నవాడు లేకపోతే రెఫరీ పోటీ లేని స్క్రమ్‌లు ఆడిస్తాడు: ఇరువైపులా పట్టుకుంటారు గానీ నెట్టరు.

స్క్రమ్‌లో చితికిపోతున్న జట్టు దొంగ గాయాలతో ఈ వెసులుబాటు వాడుకోకుండా దానికి శిక్ష కూడా పెట్టారు. 2022 ఫిబ్రవరి 27న డబ్లిన్‌లో ఇటలీకి అదే తగిలింది, వాళ్ల మోసం ఏమీ లేకుండానే. హుకర్ లుక్కేసి గాయంతో వెళ్లాడు. బదులుగా వచ్చిన ఫైవా 19వ నిమిషంలో రెడ్ కార్డ్ తిన్నాడు. మూడో హుకర్ లేడు. పోటీ లేని స్క్రమ్‌లు మొదలయ్యాయి, నిబంధన ప్రకారం ఇంకో ఆటగాడినీ బయటికి పంపాల్సి వచ్చింది. గంట సేపు 13 మందితో ఆడి 57-6తో ఓడారు. మిగిలిన మ్యాచ్ మ్యాచ్‌లా లేదు. ఆ శిక్ష అవసరమే, కానీ నిజమైన గాయానికీ నాటకానికీ తేడా చూడని శిక్ష అన్యాయమని అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటాం.

టైట్‌హెడ్ ప్రాప్ గురించి అంత చర్చ ఎందుకు? ట్రైలు కొట్టేది వింగర్ కదా?

స్క్రమ్‌లో 3వ నంబర్‌కు రెండు భుజాల మీదా మనుషులుంటారు, ఎదుటి హుకర్ ఒకవైపు, లూజ్‌హెడ్ మరోవైపు. 1వ నంబర్‌కు ఒక భుజం ఖాళీ. అందుకే స్క్రమ్ నిలబడేదీ కూలేదీ 3 మీద ఆధారపడి ఉంటుంది. కూలితే పెనాల్టీ, పెనాల్టీ అంటే 3 పాయింట్లు లేదా 40 మీటర్ల జాగా.

2019 నవంబర్ 2 యోకొహామా ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ టైట్‌హెడ్ కైల్ సింక్లర్ మూడో నిమిషంలోనే తలకు దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. డాన్ కోల్ మిగిలిన 77 నిమిషాలూ ఒక్కడే మోయాల్సి వచ్చింది. అవతల ముందు టెండాయ్ మటావరీరా, తర్వాత బెంచీ నుంచి తాజాగా వచ్చినవాళ్లు. స్క్రమ్ వెంట స్క్రమ్ పెనాల్టీలు పోయాయి, స్కోరు 32-12. 18వ నంబర్ ఎవరో చూడకుండా జట్టు బాగుందో లేదో తేల్చవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మంచి ఫామ్‌లో ఉన్నవాణ్ని ఎందుకు పక్కన పెట్టిండ్రు?

చాలాసార్లు అతని ఆటలో లోపం ఉండదు, పక్కవాడితో పొత్తు కుదరదు. 9కీ 10కీ మధ్య పాస్ ఎంత దూరం, ఎంత వేగం అన్నది నెలల తరబడి అలవాటయ్యేది. 13వ నంబర్ రక్షణలో ఒక్క అడుగు ముందుకేయాలా, ఆగాలా అన్నది 12ను చూసి నిర్ణయిస్తాడు. అక్కడ కొత్తవాడైతే సందు పడుతుంది. లైనౌట్ పిలుపులిచ్చే లాక్‌ను తీస్తే, మెరుగైన ఆటగాణ్ని పెట్టినా లైనౌట్ దెబ్బతినవచ్చు.

ప్రత్యర్థి ఎవరన్నదీ ముఖ్యం. గాల్లోకి ఎత్తుగా కిక్‌లు కొట్టే జట్టు మీద, వేగం కొంచెం తక్కువైనా బంతి ఒడిసిపట్టే వింగర్‌నే తీసుకుంటారు. వానగా ఉంటే కిక్ బాగా ఉన్న 10. ఎడమ కాలితో తన్నేవాడు ఒక్కడైనా ఉంటే మైదానం రెండు వైపుల నుంచీ కిక్‌లు తేలికవుతాయి, కేవలం దానికోసమే ఒకడికి చోటు దక్కడం మామూలే. ఇక క్లబ్బులో వరుసగా ఎన్ని నిమిషాలు ఆడాడన్న లెక్క కోచ్ దగ్గర ఉంటుంది, మన దగ్గర ఉండదు.

ప్రకటించాక జట్టు మారొచ్చా?

మారొచ్చు. వార్మప్‌లో కండరం పట్టేసినా మారుస్తారు. మామూలుగా బెంచీ మీదివాడు మొదటి 15లోకి వస్తాడు, జట్టుతో పాటు తిరిగే 24వ మనిషి బెంచీలోకి వస్తాడు. కాబట్టి కిక్కాఫ్‌కు గంట ముందు జాబితా మరోసారి చూసుకోండి.

## మ్యాచ్ నడుస్తుండగా

బయటికి పోయినోడు మళ్లీ ఎట్లొచ్చిండు?

నాలుగు సందర్భాలు గుర్తుంచుకోండి. తలకు దెబ్బ అనుమానం ఉంటే పరీక్షకు పంపుతారు. 12 నిమిషాల తర్వాత డాక్టర్ సరేనంటేనే తిరిగి వస్తాడు, లేకపోతే ఆ రోజుకు అంతే. రక్తం కారితే కట్టు కట్టించుకుని 15 నిమిషాల్లోపు రావాలి. ఎల్లో కార్డ్ అయితే 10 నిమిషాలు బయట. నాలుగోది చాలామందికి తెలియనిది: వ్యూహం ప్రకారం మార్చేసిన ఆటగాడు కూడా గాయపడిన ఫ్రంట్ రో వాడికో, తలకు దెబ్బ తగిలినవాడికో, రక్తం కారుతున్నవాడికో, ఎదుటివాడి ఫౌల్ వల్ల గాయపడ్డవాడికో బదులుగా తిరిగి రావచ్చు.

రెడ్ కార్డ్ ఇచ్చినా 20 నిమిషాల తర్వాత మళ్లీ 15 మంది ఉన్నారేంటి?

2024 నవంబర్ నుంచి టెస్టుల్లో అమలు చేస్తున్న ప్రయోగ నిబంధన అది. రెడ్ కార్డ్ తిన్నవాడు తిరిగి రాడు, కానీ 20 నిమిషాలయ్యాక బెంచీ నుంచి ఇంకొకరు దిగవచ్చు. కావాలని చేసిన ప్రమాదకరమైన ఫౌల్‌కు మాత్రం రెఫరీ శాశ్వత రెడ్ ఇవ్వవచ్చు, అప్పుడు చివరిదాకా 14 మందే.

రెఫరీ ఎల్లో చూపించి చేతులు ముంజేతుల దగ్గర అడ్డంగా పెడితే, ఆ ఫౌల్‌ను వేరే గదిలోని సమీక్ష అధికారి పరిశీలిస్తున్నాడని అర్థం. అతనికి 8 నిమిషాల గడువు. 2023 ఫైనల్‌లో న్యూజీలాండ్ కెప్టెన్ శామ్ కేన్ ఎల్లో ఇలాగే రెడ్‌గా మారింది. పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో అదే మొదటి రెడ్ కార్డ్. ఆ ప్రపంచకప్‌లో 20 నిమిషాల నిబంధన లేదు. ఉండి ఉంటే ఒక్క పాయింట్ తేడాతో ముగిసిన ఆ మ్యాచ్ ఏమయ్యేదో అన్నది అభిమానులు ఇప్పటికీ తెగనివ్వని వాదన.

కబడ్డీలో లాగా ఎక్కడ పడితే అక్కడ పట్టొచ్చా?

భుజాల గీతకు పైన పట్టకూడదు. చేతులు చుట్టకుండా భుజంతో గుద్దకూడదు. ఎత్తి తలకిందులుగా పడేయకూడదు. కాళ్లు పట్టవచ్చు, నడుము పట్టవచ్చు. అసలు తేడా పట్టిన తర్వాత ఉంది: కబడ్డీలో రైడర్‌ను వదలకూడదు, రగ్బీలో కిందపడగానే వదిలెయ్యాలి. పట్టినవాడు వదిలి పక్కకు జరగాలి, పడ్డవాడు బంతి వదలాలి. ఇద్దరిలో ఎవరు వదలకపోతే వాళ్ల మీద పెనాల్టీ. టీవీలో “ఎందుకిచ్చాడో అర్థం కాలేదు” అనిపించే పెనాల్టీల్లో చాలా భాగం ఈ రెండు క్షణాల్లోవే.

పెనాల్టీ వచ్చింది, 3 పాయింట్లు తీసుకోకుండా మూలకు ఎందుకు తన్నారు?

పెనాల్టీని పక్క గీత బయటికి తన్నితే బంతి విసిరే హక్కు తన్నిన జట్టుకే ఉంటుంది. గోల్ లైన్‌కు 5 మీటర్ల దూరంలో లైనౌట్ గెలిచి, మాల్ కట్టి నెడితే ట్రై, కన్వర్షన్ కలిపి 7 పాయింట్లు. ఆపడానికి ఎదుటివాళ్లు మాల్‌ను కూల్చితే ఎల్లో కార్డ్, ఒక్కోసారి పెనాల్టీ ట్రై కింద నేరుగా 7. అవతల ఒకడు ఎల్లో మీద బయట ఉన్నప్పుడు మూలకు తన్నడం సబబు. మిగిలింది పదిహేను నిమిషాలై, తేడా 3 లోపు ఉంటే మాత్రం పోస్టులకే తన్నాలని మా ఓటు.

80 నిమిషాలు దాటినా ఆట ఆపరేంది?

గడియారం 80 చూపినా బంతి ఆటలో ఉన్నంతసేపు ఆట ఆగదు. బంతి బయటికి పోవాలి, లేదా చేజారి ముందుకు పడాలి, అప్పుడే విజిల్. ఈలోపు పెనాల్టీ వస్తే దాన్ని పక్కకు తన్ని లైనౌట్ కూడా ఆడవచ్చు. 2023 అక్టోబర్ 14 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో నాలుగు పాయింట్లు వెనకబడ్డ ఐర్లాండ్ చివర్లో 37 సార్లు వరుసగా బంతిని నిలబెట్టుకుంది. చివరికి శామ్ వైట్‌లాక్ రక్ మీద పెనాల్టీ గెలిచాడు, న్యూజీలాండ్ 28-24తో బయటపడింది.

## మ్యాచ్ అయ్యాక

టాకిల్ (ఎదుటివాణ్ని పట్టి పడేయడం) లెక్కలు చూసి ఎవరు బాగా ఆడారో చెప్పొచ్చా?

కొంతవరకే. 2023 ఫైనల్‌లో డు టోయిట్ 28 టాకిళ్లు చేశాడు, ఆ సంఖ్య నిజంగానే ఆ మ్యాచ్ కథ చెబుతుంది. కానీ ఫుల్‌బ్యాక్ పరుగెత్తిన మీటర్లు చూసి మోసపోవద్దు. ప్రత్యర్థి తన్నిన బంతిని ఖాళీ జాగాలో అందుకుని పరుగెత్తితే మీటర్లు ఊరికే పెరుగుతాయి. ప్రాప్ పని ఏ పట్టికలోనూ సరిగా కనబడదు. దానికి రీప్లేలో బంతిని వదిలేసి, పది నిమిషాలు 3వ నంబర్‌నే చూడండి: రక్‌కు ఎన్నోవాడిగా చేరుతున్నాడు, చేరాక ఎదుటివాణ్ని జరుపుతున్నాడా లేక ఊరికే ఆనుకుంటున్నాడా?

సిక్స్ నేషన్స్‌లో ఓడిన జట్టుకు కూడా పాయింట్లు ఎందుకిచ్చారు?

గెలుపుకు 4, డ్రాకు 2. నాలుగు లేదా ఎక్కువ ట్రైలు చేస్తే ఒకటి, 7 లేదా తక్కువ తేడాతో ఓడితే ఒకటి అదనం. ఐదు మ్యాచ్‌లూ గెలిచిన జట్టుకు మరో 3.

గెలిచినా ర్యాంకింగ్ పాయింట్లు పెరగలేదు, ఎందుకు?

ర్యాంకింగ్‌లో పాయింట్లు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మారతాయి, కొత్తగా పుట్టవు. ఆతిథ్య జట్టుకు లెక్కలో 3 పాయింట్లు కలిపి చూస్తారు. అలా చూసినప్పుడు మీ జట్టు 10 లేదా అంతకన్నా ఎక్కువ ముందుంటే, గెలిచినా ఏమీ రాదు. 15 కంటే ఎక్కువ తేడాతో గెలిస్తే మార్పిడి ఒకటిన్నర రెట్లు, ప్రపంచకప్‌లో రెండింతలు.

ఇవి ఉత్త అంకెలు కావు. 2027 ఆస్ట్రేలియా ప్రపంచకప్‌కు డ్రా 2025 డిసెంబర్ 3న తీశారు. నవంబర్ టెస్టుల తర్వాత మొదటి ఆరు ర్యాంకుల్లో ఉన్నవాళ్లే ఆరు పూల్‌లకు (గ్రూపులకు) తలా ఒక పెద్ద జట్టు. ఆతిథ్య ఆస్ట్రేలియా ఏడో స్థానంలో ఉండిపోయింది, ఫలితంగా సొంత గడ్డ మీద న్యూజీలాండ్ ఉన్న పూల్‌లోనే పడింది.